నీళ్ళు చొరని కంప్యూటరు

కిందటి నెల బిలాస్‌పూర్ కుదుదండ్‌లో మా తమ్ముడి ఇంటికి వెళ్ళినప్పుడు, ఉల్లిపాయలు తెమ్మని వంటింట్లోకి పంపిన మా అమ్మాయి మేఘ ఎంతకీ తిరిగి రాలేదు. వెళ్ళి చూస్తే ఉల్లిపాయల పెట్టె ముందు చతికిలబడి ఉంది. ఇది కంప్యూటర్ కేబినెట్ కదా, ఇందులో ఉల్లిపాయలెందుకున్నాయి అని అడిగింది. అడగవలసిన ప్రశ్నే. మా అమ్మ పొయ్యి దగ్గర నుంచి తల తిప్పకుండానే జవాబు చెప్పింది. ఉల్లిపాయ కుళ్ళకుండా వానాకాలం దాటించే వస్తువు ఈ ఇంట్లో అదొక్కటేనట. తమ్ముడు మోజు పడి తెచ్చిన ప్లాస్టిక్ బుట్టల్లో వారం తిరక్కుండానే మొలకలొచ్చేస్తాయట. ఆ పెట్టెను తయారు చేసింది నేను. నేనంటే నేనూ, మా నాన్నా, పక్క రైల్వే క్వార్టర్‌లో ఉండే గౌరీశు మావా. కంప్యూటర్ చల్లగా ఉండాలని చేశాం. ఎవరో ఒకరు చల్లగా ఉన్నారు, అంతే చాలు.

రాయపూర్‌లో మా ఇంట్లో మేఘ కేబినెట్ సంగతి వేరు. అది మూడు వైపులా గాజు. లోపల ఎన్ని ఫ్యాన్లున్నాయో అన్నీ రంగులు మారుస్తూ తిరుగుతాయి, పెళ్ళివారి బస్సు వచ్చి గదిలో ఆగినట్టుంటుంది. ఆ లైట్లు ఏం చేస్తాయే అని అడిగితే 'లుక్' అంటుంది. ఇంటికి వచ్చిన పెట్టెలోంచి తీసి నాలుగు మరలు బిగించినందుకు 'నేనే కట్టాను' అని స్నేహితులందరికీ వీడియో చూపించింది. నవ్వడానికి నాకు నోరు రాదు. అదే వయసులో ఒక జానెడు నీలం ట్యూబులైటు కోసం అన్నం మానేసిన దాన్ని నేను.

మా నాన్న పేరు సింహాచలం, బిలాస్‌పూర్ వ్యాగన్ డిపోలో పెయింటరు. గూడ్సు బండి పక్కన తెల్లగా కనిపించే అంకెలూ అక్షరాలూ ఉంటాయే, అవి రాసేవాడు. వ్యాగన్ నెంబరు, ఖాళీగా ఉన్నప్పుడు దాని బరువు, ఎంత మొయ్యగలదు, మరమ్మతుకి మళ్ళీ ఏ డిపోకి, ఎప్పుడు తిరిగి రావాలి. గేటు దగ్గర గూడ్సు బండికి ఆగామంటే మాకు అదొక పరీక్ష. ఈ తొమ్మిది నాది, ఆ తొమ్మిది వేరే డిపో వాడిది, తోక చూడు ఎలా వంకర పోయిందో అని చూపించేవాడు. యాభై వ్యాగన్లు దాటేసరికి స్కూలు బెల్లు కొట్టేసేవారు. మేము ఎందుకు ఆలస్యమయ్యామో మాస్టారికి చెప్పలేక చచ్చేవాళ్ళం.

ఆ చెయ్యి ఇంటికి వచ్చాక కూడా ఊరుకునేది కాదు. మా క్వార్టర్‌లో బియ్యం డ్రమ్ము మీద ఖాళీ బరువు రాసి ఉండేది. కిరసనాయిలు డబ్బాకి నెంబరు ఉండేది. తమ్ముడి మూడు చక్రాల సైకిలు ప్రతి దసరాకీ మరమ్మతుకి 'డిపో'కి, అంటే మా వరండాలోకి, తిరిగి రావాలని దాని సీటు కింద తెల్లగా రాసి పెట్టాడు. రుబ్బురోలుని మాత్రం వదిలేశాడు, అమ్మ పెళ్ళిళ్ళకి పసుపు రాసి పూజ చేస్తుందని. ఇంట్లో అడుగుపెడితే ముందు టర్పెంటైను వాసన, దాని వెనక ఎండుచేపల వాసన. నాన్న కిరసనాయిలుతో చేతులు కడుక్కుని కంచం ముందు కూర్చునేవాడు. ఆ మనిషికి వేరే పచ్చడి ఎందుకని అమ్మ గొణిగేది. అవతల ఎవరి పెళ్ళి పత్రిక వచ్చినా ముందు అక్షరాలు చూసి, తరవాతే పెళ్ళికొడుకు ఎవరని అడిగేవాడు.

సరిగ్గా నేను కంప్యూటర్ కోర్సులో చేరిన రోజుల్లోనే డిపోకి స్టిక్కర్లు వచ్చాయి. ఎక్కడో అచ్చైన అంకెలు, వెనక కాగితం లాగి వ్యాగన్‌కి అతికించడమే. నాన్న చేత కుంచె మాన్పించి స్టోరులో కూర్చోబెట్టారు. ఆ మాట ఆయన ఇంట్లో అనలేదు. గౌరీశు మావ అమ్మతో అంటుంటే విన్నాను. ఆ నెలలో మా ఇంట్లో నెంబరు లేని గరిటె లేకుండా పోయింది.

సదర్ బజార్ వెనక సందులో ఉండేది మా కంప్యూటర్ సెంటరు. దాని యజమాని ఒక ప్రకటన చేశాడు. వార్షికోత్సవానికి విద్యార్థులు తమ తమ కేబినెట్లను అలంకరించుకుని తీసుకురావాలి, అందరికన్నా బాగా చేసినవాళ్ళని ల్యాబులో అసిస్టెంటుగా పెట్టుకుంటాడు. ఎలుక పట్టినవాడికి వంటపని ఇచ్చినట్టుంది ఆ పద్ధతి. కానీ నాకు అప్పుడు అలా తోచలేదు. ఎందుకంటే గౌరీశు మావ అప్పటికే బిల్హాలో ఒక బియ్యం మిల్లులో నాకు గుమాస్తా పని మాట్లాడేసి ఉంచాడు. రోజూ లోకల్ బండిలో పడి వెళ్ళడం, తవుడు దులుపుకుంటూ రావడం. నేను నెగ్గితే కంప్యూటర్లు, ఓడితే తవుడు. నాకు కళ్ళ ముందు ఆ రెండే కనిపించేవి.

నెట్ కేఫ్‌లో విదేశాల వాళ్ళు చేసిన కేబినెట్ల బొమ్మలు చూశాను. పక్కన కిటికీ కోసి అద్దం లాంటి షీటు పెట్టి, లోపల నీలం లైటు వెలిగించి, పైన ఇంత ఫ్యాను బిగించేవారు. నా సెకండ్ హ్యాండ్ కంప్యూటర్‌కి ఫ్యాను అవసరం నిజంగానే ఉంది. బిలాస్‌పూర్ ఎండల్లో మధ్యాహ్నం అయ్యేసరికి అది తనంతట తాను ఆరిపోయేది. ఇంకేం, కేబినెట్ విప్పి లోపలి భాగాలన్నీ అమ్మ మంచం మీద పరిచాను. ఉప్మా ప్లేటు బోర్లించి గుండ్రంగా గీత గీశాను. చేతి డ్రిల్లుతో ఆ గీత వెంబడి చిల్లులు పొడిచి, మధ్య ముక్కను అటూ ఇటూ వంచి పీకాను. రెండు రోజులు పట్టింది, మూడు వేళ్ళు తెగాయి. తీరా చూస్తే అది గుండ్రంగా లేదు, ఎవరో కొరికి వదిలేసిన దోసెలా ఉంది. అయినా అది నేను నా చేత్తో పెట్టిన మొదటి కన్నం. దాన్ని చూసి చూసి మురిసిపోయి సెంటరుకి వెళ్ళాను.

సాయంత్రం వచ్చేసరికి కన్నం లేదు. రేకు నున్నగా ఉంది. చేత్తో తడిమితే ఎక్కడ అతికారో కూడా తెలియలేదు. గౌరీశు మావ వరండాలో టీ తాగుతూ కూర్చున్నాడు. ఆయన వెల్డరు. ముప్పై ఏళ్ళుగా వ్యాగన్లలో కన్నాలు మూసిన మనిషి. ఆయనకి కన్నం కనిపించిందంటే మూయకుండా నిద్ర పట్టదు.

"ఏటమ్మీ, అంత కన్నం పెట్టుకుని కూకున్నావు. ఎలక కొరికీసినాదేటి? మూసీసినాను," అన్నాడు.

నేను ఏడుపు లంకించుకున్నాను. అది నేనే కావాలని పెట్టుకున్న కన్నమని చెబితే ఆయన నమ్మలేదు. మంచి రేకుకి కావాలని కన్నం పెట్టేవాళ్ళు ఎవరుంటారని అమ్మను అడిగాడు. అమ్మ నా వైపు చూపించింది. ఈలోగా నాన్న స్టోరు నుంచి వచ్చాడు. సంగతంతా విని, కేబినెట్‌ని నాలుగు వైపులా తిప్పి చూసి, ఒకే ఒక ప్రశ్న వేశాడు. దీన్ని ఎక్కడ పెట్టుకుంటావు? వరండాలో, అన్నాను. వరండా రేకు వానకి కారుతుంది. అంతే, కోతి పుండు బ్రహ్మరాక్షసి అయింది. ఇద్దరూ కలిసి దానికి తుప్పు పట్టకుండా రెండు పూతలు రెడ్ ఆక్సైడ్ వేశారు. మూలమూలలా లప్పం దట్టించారు. మూతల చుట్టూ రబ్బరు బీడింగ్ పెట్టారు. గాలి ఆడాలి నాన్నా అని నేనంటూనే ఉన్నాను. ముందు నీళ్ళ సంగతి చూడనీ అనేవాడు. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు.

భాగాలన్నీ మళ్ళీ లోపల బిగించాను, కనీసం వెలుగుతుందో లేదో చూద్దామని. బిగించి, ముఖం కడుక్కుందామని వెనక్కి వెళ్ళాను. వచ్చేసరికి కేబినెట్ పెరట్లో పీట మీద ఉంది. గౌరీశు మావ మగ్గుతో దాని నెత్తి మీద నీళ్ళు పోస్తున్నాడు. అమ్మ రెండో బకెట్టు అందిస్తోంది. కప్పున్న వ్యాగన్‌కి మరమ్మతయ్యాక అలాగే నీళ్ళు కొట్టి చూస్తారు, లోపలికి ఒక్క చుక్క చొరినా అది ఫెయిలు. పూజారి అభిషేకం చేసినంత శ్రద్ధగా చేస్తున్నారు ముగ్గురూ. నాన్న పక్క మూత విప్పాడు, పొడి చెయ్యి లోపల పెట్టి మూలమూలలా తడిమాడు, తీసి నాకు చూపించాడు.

"సుక్క లేదు," అన్నాడు.

"నాన్నా, లోపల కంప్యూటర్ ఉంది," అన్నాను.

"తెలుసు. అందుకే కదేటి రెండు బకెట్లు పోసినాం."

స్టోరులో కూర్చోబెట్టినప్పటి నుంచి ఆ ముఖంలో అంత వెలుగు నేను చూడలేదు. అందుకే నోరు మూసుకుని స్విచ్చి వేశాను. వెలిగింది. గౌరీశు మావ అచ్ఛా అని తల ఊపాడు. పావుగంటకి ఆరిపోయింది. మళ్ళీ వేస్తే పది నిమిషాలకి ఆరిపోయింది. నీళ్ళు చొరలేదు కదా, మరెందుకు ఆరిందని మావ అడిగాడు. నాన్న కేబినెట్ మీద అరచెయ్యి వేసి, జ్వరం చూసినట్టు చాలాసేపు అలాగే ఉంచాడు. దీనికి ఊపిరాడడం లేదని ఆయనే చెప్పాడు. నేను పది రోజులుగా చెబుతున్నది ఆ పెట్టె ఒక్క పావుగంటలో చెప్పేసింది.

మర్నాడు నాన్న యార్డులో పాత బోగీ కిటికీ తలుపు ముందు నిలబడి చూసి వచ్చాడట. కిందికి వాలిన చెక్కలుంటాయి దానికి, గాలి వస్తుంది, వాన రాదు. ఆ తరవాత వారం రోజులు డ్యూటీ దిగగానే ఇద్దరూ పెరట్లో చేరేవారు. కేబినెట్ ముందూ వెనకా సన్నని చీలికలు కోసి, ఒక్కొక్క రేకు పట్టీనీ కిందికి వాల్చి, అంచులు ఆకురాయితో నున్నగా రాశారు. పైన ఫ్యానుకి గుండ్రంగా, నిజంగా గుండ్రంగా, కన్నం పెట్టి దాని మీద చిన్న గొడుగు కట్టారు. నా కోరిక తీరడానికి పక్కన చిన్న కిటికీ కూడా కోసి, లోపల జానెడు నీలం లైటు పెట్టారు. ఆ తరవాత ఎర్రటి మే నెలలో పగలంతా నడిచినా కంప్యూటర్ ఆరలేదు. ఇప్పుడు తలుచుకుంటే అంత మంచి పని నేను మళ్ళీ ఎక్కడా చూడలేదు. అప్పుడు మాత్రం నాకు కనిపించినదల్లా దాని బరువు, దాని వ్యాగన్ రంగు. ఇద్దరు మనుషులు పట్టి లేపాలి. బొమ్మల్లో వాళ్ళవి నల్లగా మెరుస్తుంటే నాది గూడ్సు బండికి పుట్టిన పిల్లలా ఉంది.

కిటికీ లేని రెండో వైపు మాత్రం నల్ల రంగు వేసి ఖాళీగా వదలమని నాన్న దగ్గర మాట తీసుకున్నాను. సదర్ బజార్‌లో ఒక స్టిక్కరు కొని దాచుకున్నాను. మంటల మధ్య పుర్రె. అదేం అందమని ఇప్పుడు అడక్కండి. సోమవారం పోటీ అయితే శుక్రవారం నేను సెంటరు నుంచి వచ్చేసరికి ఆ నల్లటి వైపు గోడకి తిప్పి, దుమ్ము పడకుండా గుడ్డ కప్పి ఉంది. ఆరనీ, ముట్టుకోకు అన్నాడు నాన్న. సోమవారం పొద్దున్న ఆయన డ్యూటీకి వెళ్ళాక గుడ్డ తీశాను. పైనుంచి కింది దాకా తెల్లటి రాత. నెంబరు, ఖాళీ బరువు, ఇంకా కింద ఏవో చిన్న అక్షరాలు. అచ్చం వ్యాగన్. సెంటరులో అందరూ ఇది ఏ బండికి తగిలిస్తారని అడుగుతారు, నా ఉద్యోగం బిల్హాకి పోతుంది. కింది వరసలు చదవను కూడా లేదు. పుర్రె స్టిక్కరు వెనక కాగితం లాగి, ఆ రాత మొత్తం కప్పేసి అతికించాను. తొందరలో మధ్యలో ఒకచోట గాలి బుడగ ఉండిపోయింది. స్టిక్కర్ల వల్ల కుంచె పోయిన మనిషి రాత మీద స్టిక్కరు అతికించానని నాకు అప్పుడు తెలియలేదని చెప్పుకోవచ్చు. తెలుసు. తెలిసే చేశాను.

నాన్న వస్తాడనుకోలేదు. సగం రోజు సెలవు పెట్టి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, గౌరీశు మావని వెంటబెట్టుకుని సెంటరుకి వచ్చాడు. ఆ వేళకి యజమాని నా కేబినెట్ ముందే ఉన్నాడు. నీలం లైటు చూసి బహుత్ బఢియా అని మెచ్చుకున్నాడు. ఆ చీలికలను చూడనే లేదు. స్టిక్కరు మాత్రం చాలా బాగుంది, ఏ దుకాణంలో కొన్నావని అడిగాడు. నాన్న వింటూ నిలబడ్డాడు. గౌరీశు మావ ఏదో అనబోతే చేత్తో ఆపాడు. దగ్గరికి వచ్చి, కళ్ళజోడు పైకి జరిపి, పుర్రె వైపు చూశాడు. ఆ తరవాత బొటనవేలి గోరుతో ఆ బుడగ మీద నొక్కి, కొంచెం కొంచెంగా అంచు దాకా తోసుకుంటూ వెళ్ళి, గాలంతా బయటికి తీసేశాడు. స్టిక్కరు చదునుగా అతుక్కుపోయింది.

"ఇక్కడ గాలుండిపోనాది," అన్నాడు. "ఇప్పుడు బాగుందమ్మీ."

ఉద్యోగం నాకే వచ్చింది. ఆ రాత్రి ఇంట్లో అమ్మ పాయసం చేసింది, నాన్న రెండోసారి వడ్డించుకున్నాడు. ఆ సంగతి మేమిద్దరం మళ్ళీ ఎత్తలేదు. ఆ ల్యాబు నుంచి బ్యాంకుకి, బ్యాంకు నుంచి పెళ్ళికి, అక్కడి నుంచి రాయపూర్‌కి వచ్చేశాను. కేబినెట్ కొన్నాళ్ళు తమ్ముడు వాడి, పాతబడ్డాక లోపలివి తీసేశాడు. వంటింట్లో పుర్రె ఏమిటని అమ్మ దాన్ని గోడకి తిప్పి, ఉల్లిపాయలు పోసింది.

మేఘతో అంటుంటాను, మా రోజుల్లో ఒక కేబినెట్ అంటే వెల్డరూ పెయింటరూ రెండు బకెట్ల నీళ్ళూ కావలసి వచ్చేవని. పెద్దవాళ్ళు చెప్పే మాటలన్నిట్లాగే ఇందులోనూ సగం గొప్పలే. దాని గాజు పెట్టె నిమిషంలో తెరుచుకుంటుంది, గాలి ఆడుతుంది, ఎవరి మనసూ నొచ్చుకోదు. పగిలితే కొత్తది వస్తుంది. నాది పగలదు, తుప్పు పట్టదు, ఇద్దరు పడితే గానీ లేవదు. రెంటిలో ఏది మేలని అడిగితే మా అమ్మ ఉల్లిపాయలనే అడగాలి. కానీ ఒక్క విషయంలో ఆ పిల్లా నేనూ ఒకటే. లోపల ఏముందో కాక, పక్కవాళ్ళు ఏమంటారో చూసుకుని అలంకరించుకున్నాం.

కుదుదండ్‌లో ఆ రోజు మేఘ పట్టు పట్టి ఉల్లిపాయలన్నీ చాటలోకి వంచి, పెట్టెను హాల్లోకి ఈడ్చింది. పుర్రె వెలిసిపోయి పిల్లి ముఖంలా ఉంది. నేను అంచు పట్టి గీకుతుంటే కుర్చీలో కూర్చున్న నాన్న ఆ చప్పుడుకి ఇటు తిరిగాడు. ఒక కంటికి ఆపరేషనయింది, రెండో కన్ను అంతంత మాత్రం. గోరుతో గీకొద్దు, వేడి చెయ్యండి, కొబ్బరినూనె రాయండి, రంగు లేచిపోతుంది అని చెప్పాడు. మరదలి జుట్టు ఆరబెట్టుకునే మిషను తెచ్చాం. మేఘ వేడి గాలి కొడుతుంటే నేను నూనె రాస్తూ కొంచెం కొంచెంగా లాగాను. కొన్ని అక్షరాల ముక్కలు స్టిక్కరుతో పాటే వచ్చేశాయి, మిగతావి ఉండిపోయాయి. నెంబరు మా పాత క్వార్టర్‌ది. ఆ తొమ్మిది తోక ఎక్కడున్నా పోల్చుకోగలను. లాగిన స్టిక్కరు పక్కన పెట్టి నాన్న వైపు తిరిగాను.

"నాన్నా, ఆవేళ ఇది నేనే కప్పేశాను. తెలిసే కప్పేశాను," అన్నాను.

"నాను సూడలేదనుకున్నావేటి? గాలి తీసింది నానే కదా," అన్నాడు. పెట్టె వైపు చెయ్యి చూపించి, "కింద ఏటో రాసినాను. గుర్తు లేదు. సూడు," అన్నాడు.

అంకెలన్నీ ఇంగ్లీషువే. కింది రెండు వరసలు మాత్రం తెలుగు. ఉద్యోగం చేసినన్నాళ్ళూ తెలుగులో ఒక్క వ్యాగన్ మీద రాసే అవసరం రాలేదు ఆయనకి. మేఘ ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుంది, తి, రి, గి అని. అక్కడ ఆగిపోయింది. అప్పుడు నేను చదివాను. తిరిగి రావలసిన డిపో, బిలాస్‌పూర్. ఎప్పుడు అన్న చోట నెల రాయలేదు. 'ఎప్పుడైనా' అని రాసి ఉంది.

చాటలో ఉల్లిపాయలు దొర్లిపోతున్నాయి, మీ సంబరం అయితే పెట్టె ఇచ్చెయ్యండని అమ్మ వంటింట్లోంచి అడుగుతోంది. నాన్న చెయ్యి చాపి ఆ చివరి వరస మీద వేలితో తడిమాడు. తను రాసిన మాట తనే మొదటిసారి వింటున్నట్టు తల ఊపాడు.

"అయితే ఆలస్యమేటీ అవ్వలేదమ్మీ," అన్నాడు.